ఫోటో కింద రాత ఎవరిది?

  

ఈ చిన్న పుస్తకంలో ఒక్క ప్రశ్న మాత్రమే తీసుకుందాం. అడిగింది పిల్లలే గాని, జవాబు వెతుక్కుంటూ పోతే అది మన ఇంటి గడప దాకా, మన మనసు లోపలి దాకా వస్తుంది.

మన పిల్లలు ఫోన్లలో ఆకాశపు ఫోటోలు చూస్తున్నారు. గులాబీ రంగు మబ్బులు, నీలం సుడులు, బంగారు ధూళి. ఆ సంబురంతో రాత్రి డాబా ఎక్కి చూస్తారు. హన్మకొండ వీధిదీపాల నడుమ లెక్కపెడితే పట్టుమని యాభై చుక్కలుండవు. పాకాల దిక్కో ములుగు దిక్కో చీకటి ఊరికి పోతే చుక్కలు వేలల్లో కనిపిస్తాయి గాని, ఆ రంగులు అక్కడా ఉండవు. బడిలో ఎవరైనా టెలిస్కోపు తెచ్చి నెబ్యులా చూపిస్తే బూడిద పూసినట్టు ఒక మరక. పిల్లగాండ్లు మొహం వేలేసి, "గింతేనా సార్? మరి ఆ ఫోటోలన్నీ అబద్ధమా? లేకపోతే మా కండ్లు పని చేస్తలేవా?" అని అడుగుతారు.

బాగా అడిగారు. ఆ ప్రశ్నను కసరకండి. అష్టాంగ మార్గంలో మొదటి అంగమే సమ్యక్ దృష్టి. చూపు సరిగా ఉండాలంటే, ముందు చూపు ఎట్ల పుడుతుందో తెలవాలి.

కన్ను ఎట్ల చూస్తుంది

తథాగతుడు చూపు గురించి చాలా చోట్ల చెప్పాడు. కన్ను ఉండాలి, ఎదురుగా రూపం ఉండాలి, రెండూ కలవాలి, మనసు అక్కడ పెట్టాలి. అప్పుడే చూపు అనేది పుడుతుంది. కంటి కిటికీ వెనక ఆత్మ అనేది కూర్చుని బయటికి తొంగి చూస్తలేదు. కారణాలు కూడితే చూపు కలుగుతుంది, కారణాలు మారితే చూపు మారుతుంది. ప్రతీత్య సముత్పాదమంటే ఇదే. పెద్ద పేరు విని భయపడాల్సిన పని లేదు.

ఇప్పుడు సైన్సు ఏం చెప్తుందో చూడండి. మన కంటి వెనక పొరలో రెండు రకాల కణాలున్నాయి. శంకువులు రంగులు చూస్తాయి, కాని వాటికి వెలుగు బాగా కావాలి. దండాలు చాలా తక్కువ వెలుగులో కూడా పని చేస్తాయి, కాని వాటికి రంగు తెలవదు. రాత్రి కరెంటు పోయినప్పుడు దండెం మీద ఆరేసిన చీరల్లో ఏది ఎర్రదో ఏది పచ్చదో చెప్పగలమా? చీర కనిపిస్తుంది, రంగు కనిపించదు. చీర రంగు ఎక్కడికీ పోలేదు. మన కంటికి ఆ వెలుగు చాలలేదు, అంతే.

ఆకాశంలోనూ అదే జరుగుతుంది. నెబ్యులాల వెలుగు చాలా సన్ననిది. దాన్ని పట్టేది దండాలే, కనుక మనకు బూడిద రంగు కనిపిస్తుంది. పైగా నెబ్యులాల్లో హైడ్రోజన్ విడిచే వెలుగు ముదురు ఎరుపు. దండాలకు ఎరుపు దాదాపు అందనే అందదు.

ఇంకో సంగతి. కన్ను చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూస్తే ఆ అలవాటు మొత్తం చెడిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మరీ సన్నటి మరకను చూడాలంటే దాని మీదికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు చూడాలి. కంటి నడిమధ్యన దండాలు లేవు, పక్కలకున్నాయి. ఆకాశం చూడడానికి కూడా ఓపిక, ఎరుక, సాధన కావాలన్నమాట. ధ్యానంలో కూర్చునే వాళ్ళకు ఈ మాట కొత్తది కాదు.

కెమెరా ఎట్ల చూస్తుంది

కన్ను వెలుగును దాచిపెట్టదు. సెకనులో చిన్న భాగంలో వచ్చినంత తీసుకుంటుంది, వదిలేస్తుంది, మళ్ళీ తీసుకుంటుంది. ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయ్యే ఇల్లు లాంటిది మన కన్ను. కెమెరా చిట్టీ కట్టే ఇల్లు లాంటిది. నిమిషాల తరబడి, గంటల తరబడి చుక్క చుక్కగా వెలుగును కూడబెడుతుంది. అందుకే కన్ను చూడలేనిది ఫోటోలో తేలుతుంది.

ఆండ్రోమెడా గెలాక్సీనే తీసుకోండి. చీకటి ఊళ్ళో నుంచి ఉత్త కంటితో చూడగల దూరపు వస్తువుల్లో అది ఒకటి. దాని వెలుగు మన దగ్గరికి రావడానికి సుమారు 25 లక్షల ఏండ్లు పడుతుంది. కంటికి కనిపించేది బొటనవేలి గోరంత మసక. కెమెరాతో కాసేపు వెలుగు పడితే, ఆకాశంలో అది పున్నమి చంద్రుడి కంటే ఆరు రెట్లు పొడవుందని తెలుస్తుంది! అది చిన్నదై మనకు కనపడక పోవడం లేదు. పలచగా ఉండి కనపడటం లేదు. టెలిస్కోపు పెద్ద పని వస్తువును పెద్దది చేసి చూపడమని చాలామంది అనుకుంటారు. అసలు పని వెలుగు పోగేయడం. చీకట్లో మన కంటిపాప బాగా తెరుచుకుంటే ఏడు మిల్లీమీటర్లు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దం వెడల్పు ఆరున్నర మీటర్లు. అది పోగేసే వెలుగు మన కంటికంటే ఆరు లక్షల రెట్లకు పైమాటే. 2022 జూలైలో విడుదలైన దాని మొదటి ఫోటో కోసం పన్నెండు గంటలకు పైగా వెలుగు కూడబెట్టారు. చెయ్యి చాపి పట్టుకున్న ఇసుక రేణువు ఎంత ఆకాశాన్ని కప్పుతుందో, అంత జాగాలో వేల గెలాక్సీలు కనిపించాయి.

మరి రంగుల సంగతి? ఇక్కడ జాగ్రత్తగా వినాలి. కొన్ని ఫోటోల్లో రంగులు ఉన్నవే. ఓరియన్ నెబ్యులా గులాబీ రంగు నిజంగానే హైడ్రోజన్ వెలుగు. మన కన్నే దాన్ని పట్టలేదు. ఇంకొన్ని ఫోటోల్లో రంగులు మనుషులు కేటాయించినవి. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ధూళి స్తంభాల ఫోటో లోకమంతా తిరిగింది. అందులో గంధకం వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి గంధకం వెలుగు, హైడ్రోజన్ వెలుగు రెండూ ఎరుపే. రెంటికీ ఒకే రంగు వేస్తే ఏది ఎక్కడుందో తెలవదు గనుక విడదీసి చూపారు. జేమ్స్ వెబ్ చూసేది ఎక్కువగా పరారుణ కాంతి, అంటే మన కంటికి అసలే అందని వెలుగు. పొయ్యి మీది పెనం ఎర్రబడకున్నా చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తుంది చూడండి, ఆ సెగ కూడా అలాంటి వెలుగే. కంటికి లేని రంగును కంటికి చూపాలంటే ఏదో ఒక రంగు ఇయ్యక తప్పదు.

ఇప్పుడు పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. బిడ్డా, ఫోటో అబద్ధం కాదు, నీ కన్ను కూడా అబద్ధం చెప్పలేదు. రెండూ వేర్వేరు కారణాలతో పుట్టిన చూపులు. ఏ చూపుకు ఏ హద్దుందో తెలిసినప్పుడు మనం మోసపోం. తెలవకపోతే నిజమైన ఫోటోతోనే మనల్ని మోసం చేయొచ్చు.

నిజమైన ఫోటో, అబద్ధపు రాత

ఎట్ల మోసం చేస్తారో రెండు ఉదాహరణలు చెప్తాను. మీ ఫోన్లకు కూడా వచ్చే ఉంటాయి.

మొదటిది దీపావళి ఫోటో. ఆకాశం నుంచి నాసా తీసిన దీపావళి రాత్రి భారతదేశమని ప్రతి యేడూ తిరుగుతుంది. దేశమంతా తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలతో మెరిసిపోతుంది. ఆ చిత్రం ఏ ఒక్క రాత్రిదీ కాదు. అమెరికా ఉపగ్రహాలు ఏండ్ల తరబడి తీసిన సమాచారాన్ని కలిపి 2003లో క్రిస్ ఎల్విడ్జ్ అనే శాస్త్రవేత్త చేసిన పటం. 1992కు ముందే ఉన్న దీపాలకు తెలుపు. తరువాత 1992లో కనిపించినవాటికి నీలం, 1998లో కనిపించినవాటికి ఆకుపచ్చ, 2003లో కనిపించినవాటికి ఎరుపు. జనాభా ఎట్ల పెరిగిందో, ఊళ్ళు ఎట్ల విస్తరించాయో చూపడానికి వేసిన రంగులవి. నాసా వాళ్ళు 2012 దీపావళి సమయంలో తీసిన అసలు ఫోటోను విడుదల చేసి, అంత ఎత్తు నుంచి దీపావళి రాత్రికీ మామూలు రాత్రికీ తేడా కనపడదని వివరించారు. అయినా ఆ పాత బొమ్మ ఆగలేదు.

రెండోది "దేవుడి కన్ను". నడుమ నీలం, చుట్టూ ఎర్రటి రెప్పల్లాగా ఉండే ఫోటో. మూడువేల ఏండ్లకోసారి తెరుచుకునే దేవుడి కన్ను, చూసినవాళ్ళ కోరిక నెరవేరుతుంది, పదిమందికి పంపండి అని కింద రాసి ఉంటుంది. ఫోటో నిజమైనదే. అది హెలిక్స్ నెబ్యులా. మన సూర్యుడి లాంటి ఒక నక్షత్రం ముసలిదై, చనిపోతూ, తన పైపొరలను ఊదేస్తున్న దృశ్యం. సుమారు 650 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మూడువేల ఏండ్లకోసారి కాదు, అది ఎప్పుడూ అక్కడే ఉంది. మనం ఉత్త కంటితో చూడలేం, అంతే.

ఆలోచించండి. సూర్యుడి లాంటి నక్షత్రం కూడా పుట్టి, పెరిగి, ముసలిదై, విడిపోతుందని ఆ ఫోటో చెప్తోంది. అంటే అనిత్యాన్ని చెప్తోంది. అట్లాంటి ఫోటో కింద శాశ్వతుడైన దేవుడి కన్ను అని రాశారు. ఫోటో ధమ్మం చెప్తుంటే, కింది రాత భయం, ఆశ అమ్ముతోంది.

అందుకే ఈ పుస్తకానికి ఆ పేరు పెట్టాను. ఏ బొమ్మ చూసినా, ఏ మాట విన్నా అడగాల్సిన ప్రశ్న అది. ఫోటో కింద రాత ఎవరిది? ఎందుకు రాశారు? దానివల్ల ఎవరికి లాభం?

ఆకాశాన్ని ఫోటో తీసిన హైదరాబాదు

ఫోటో, టెలిస్కోపు అన్నీ పరాయి దేశపు సంగతులని, మనకు వాటితో పనిలేదని అనుకోవద్దు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో టెలిస్కోపు తెప్పించి నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బేగంపేటకు మారింది. అప్పట్లో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, గాజు పలకల మీద ఫోటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారు చేసే పెద్ద పనిలో ఉన్నాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల నడుమ పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. అక్కడి వాళ్ళు గాజు పలకల మీది నల్లచుక్కలను ఒక్కొక్కటిగా కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలు అచ్చు వేశారు. ఇందాక చెప్పిన హెలిక్స్ నెబ్యులా ఉన్నది కూడా ఆ పట్టీలోనే.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసే ఒకాయన కొడుకు వేణు బాప్పు హైదరాబాదులోనే చదువుకున్నాడు. హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని హార్వర్డ్ పోయి, 1949లో అక్కడ ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించాడు. దానికి ఆయన పేరు కూడా పెట్టారు.

అదే హార్వర్డ్‌లో అంతకు ముందు తరంలో విలియమినా ఫ్లెమింగ్ అనే ఆమె ఉండేది. స్కాట్లండ్ నుంచి అమెరికా వచ్చింది. గర్భిణిగా ఉన్నప్పుడు భర్త వదిలేసి పోయాడు. పొట్టకూటికి అబ్జర్వేటరీ డైరెక్టర్ పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఆయన ఆమె తెలివిని గమనించి 1881లో అబ్జర్వేటరీలో పని ఇచ్చాడు. 1888లో ఒక గాజు పలక మీద, ఓరియన్ నడుం చుక్కల పక్కన, ఎవరూ చూడని ఒక చీకటి గంటును ఆమె కన్ను పట్టింది. ఈనాడు లోకమంతా గుర్రపు తల నెబ్యులా అని పిలిచేది దాన్నే. మూడు వందలకు పైగా మారే నక్షత్రాలను కూడా ఆమె కనిపెట్టింది. అయినా మొదట అచ్చైన పట్టికలో ఆమె పేరు లేదు. ఆమె కనిపెట్టినవన్నీ పికరింగ్ పేరునే పడ్డాయి.

మన అమ్మలు, అక్కలు ఈ కథను ఒకటికి రెండుసార్లు చదవాలి. ఇంట్లో గిన్నెలు తోమిన చేతులకు నక్షత్రాలు దొరకవని ఎవరన్నారు? చదువు అందితే దొరుకుతాయి. ఆ చదువును మన చేతికి అందకుండా వేల ఏండ్లు ఆపింది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. దొరికినా పేరు దక్కకపోవడం కూడా మనకు తెలిసిన బాధే.

శని ఎవరికి?

ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ తానూ దీక్ష తీసుకుని, లక్షల మందికి దీక్ష ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. బ్రాహ్మణుల చేత క్రతువులు చేయించబోమని అందులో ఉంది. మనం కూడా చేతులు జోడించి ఆ ప్రతిజ్ఞలు చేశాం. మరి పిల్లకు జ్వరం తగ్గకపోతే, కొడుక్కి నౌకరి రాకపోతే, చీకటి పడ్డాక చప్పుడు కాకుండా పంతులు దగ్గరికి పోయేవాళ్ళు మనలో లేరా? ఆయన "ఏలినాటి శని నడుస్తోంది" అనగానే నువ్వుల నూనె, నల్లబట్ట, దక్షిణ తీసుకుని శనివారం పోయేవాళ్ళు లేరా?

ఎవరినీ తిట్టడానికి ఇది అనడం లేదు. భయం పట్టుకున్న మనిషిని తిడితే భయం పోదు. అందుకే శనిని చూద్దాం రండి.

ఉత్త కంటికి శని ఒక మసక పసుపు చుక్క. మిణుకుమనదు, నిలకడగా వెలుగుతుంది. చుక్కల నడుమ చాలా నెమ్మదిగా కదులుతుంది. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడని అర్థం. పాతకాలపు వాళ్ళు కంటితో చూసింది నిజమే, పేరు కూడా సరిగానే పెట్టారు. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి దానికి సుమారు 29న్నర ఏండ్లు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే ఒక్కో దానిలో సుమారు రెండున్నర ఏండ్లు. పుట్టిన రాశి, దాని ముందుది, దాని వెనకది, మూడు కలిపితే ఏడున్నర. ఏలినాటి శని లెక్క ఇదే. ఇప్పుడు ఇంకో లెక్క చేయండి. ఎప్పుడు చూసినా పన్నెండింట మూడు రాశుల వాళ్ళకు ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది. రాశులన్నిటిలో జనం సమానంగా ఉన్నారనుకుంటే, నూటికి పాతిక మంది గిరాకీ ఎన్నడూ తప్పదు. వాళ్ళలో ఎవరో ఒకరికి కష్టం ఉండనే ఉంటుంది. కష్టం లేని ఇల్లు ఏది?

ఇప్పుడు ఫోటో చూడండి. కసీని నౌక 2004లో శని దగ్గరికి చేరి, 2017 సెప్టెంబర్ దాకా దాని చుట్టూ తిరిగి వేల ఫోటోలు పంపింది. ఒక పెద్ద వాయువు గోళం, చుట్టూ మంచుగడ్డల వలయాలు, ఎన్నో చందమామలు. ఎవరి మీదా కోపం లేదు, ఎవరి జాతకమూ దాని దగ్గర లేదు. పంతులుకు ఇచ్చే డబ్బుతో పిల్లను ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోండి, రక్తపరీక్ష చేయించండి. కొడుక్కి పోటీ పరీక్షల పుస్తకం కొనండి. దుఃఖానికి కారణం ఉంది, ఆ కారణాన్ని పోగొట్టే దారి ఉంది అని తథాగతుడు చెప్పింది ఇందుకే. కారణం శని కాదు.

పైగా మనం మరవకూడని సంగతి ఒకటుంది. ఊళ్ళో మన తాత ఎదురొస్తే అపశకునం అన్నారు. పొద్దున్నే మన మొహం చూస్తే శని పట్టిందన్నారు. ఆకాశంలో ఉన్న ఒక అమాయకపు గోళానికి ఏ రాత రాశారో, వాడలో ఉన్న మనిషికీ అదే రాత రాశారు. ఆ రాతకు బలైన వాళ్ళమే మళ్ళీ పోయి ఆ రాతకు దక్షిణ ఇస్తే ఎట్ల?

మనిషి కింద రాత

ఇద్దరు మనుషుల్ని వెలుగులో నిలబెట్టండి. ఉత్త కంటితో చూడండి, మైక్రోస్కోపుతో చూడండి, ఎంత పెద్ద కెమెరాతోనైనా ఫోటో తీయండి. ఎత్తు కనిపిస్తుంది, రంగు కనిపిస్తుంది, వయసు కనిపిస్తుంది. కులం మాత్రం ఏ చూపుకూ దొరకదు. కులమనేది ఫోటోలో లేదు, ఫోటో కింద రాతలో ఉంది. కులం మనసులో నాటిన భావన అని, దాన్ని పవిత్రమని చెప్పే శాస్త్రాల మీద నమ్మకం పోతేనే అది పోతుందని బాబాసాహెబ్ 1936 నాటి కుల నిర్మూలనలో విడమరిచారు.

ఇక్కడ రోహిత్ వేముల గుర్తుకు వస్తాడు. గుంటూరు బిడ్డ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ కార్యకర్త. హాస్టల్ నుంచి సస్పెండ్ అయ్యాక, తోటి విద్యార్థులతో కలిసి ఆరుబయట వెలివాడ వేసి కూర్చున్నాడు. 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. కార్ల్ సేగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని తన ఆఖరి ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ యేడే ఏప్రిల్ 14న అతని తల్లి రాధిక గారు, తమ్ముడు రాజా ముంబయిలో బౌద్ధం స్వీకరించారు. నక్షత్రాల వైపు చూసిన బిడ్డను కింది రాత చూసి లెక్కగట్టిన సమాజం మనది. రోహిత్‌ను తలుచుకునే ప్రతి వాడలో ఒక చిన్న సైన్సు గ్రంథాలయం ఉండాలని నేను కోరుకుంటాను. మనసు కుంగిన పిల్లల పక్కన కూర్చుని మాట్లాడే పెద్దలు అంతకంటే ముందు ఉండాలి. మైత్రి అంటే అదే.

రోహిత్ అభిమానించిన ఆ సేగన్ పట్టుబట్టి తీయించిన ఫోటో ఒకటుంది. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 నౌక సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి మన భూమిని ఫోటో తీసింది. అందులో భూమి ఒక్క చుక్క కూడా నిండదు, చుక్కలో ముక్క. గర్వం ఉన్నవాళ్ళందరూ చూడాల్సిన ఫోటో అది.

కాని ఇక్కడొక మెలిక ఉంది. ఈ ఫోటో చూపి కొందరు పెద్దమనుషులు మనకే నీతి చెప్తారు. "చూడండి, అంత దూరం నుంచి కులాలు కనిపిస్తున్నాయా? మీరెందుకు ఎప్పుడూ కులం కులం అంటారు?" అంటారు. వాళ్ళకు చెప్పాల్సిన జవాబు ఇది. ఆ కెమెరా 600 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరూ వాడా ఆ చుక్కలో కలిసిపోయాయి గాని నేల మీద కలవలేదు. పుండును చూడాలంటే దగ్గరికి రావాలి. టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతిని చూడాలంటే ఆ హోటల్ ముందు నిలబడాలి. దూరపు చూపుకూ హద్దుంది. తథాగతుడు మొదటి ఆర్యసత్యంగా చెప్పింది దుఃఖాన్ని దగ్గర నుంచి చూడమనే. దూరపు చూపు గర్వాన్ని తగ్గించాలి. దగ్గరి చూపు కరుణను పెంచాలి. సమ్యక్ దృష్టికి రెండూ కావాలి.

అడిగే ధర్మం

కేసపుత్తంలో కాలాములు తథాగతుణ్ణి అడిగారు. వచ్చినవాళ్ళంతా తమ మాటే నిజమంటున్నారు, ఎవర్ని నమ్మాలని. సంప్రదాయమనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు గురువనో నమ్మొద్దనీ, దానివల్ల మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో మీరే పరీక్షించుకుని తెలుసుకోండనీ ఆయన సెలవిచ్చాడు. తన మాటనూ అట్లనే పరీక్షించమన్న గురువు ఆయన.

బాబాసాహెబ్ కూడా అదే దారిలో నడిచారు. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని మొదటిసారి చూసి ఇల్లు విడిచాడనే కథ మనందరికీ తెలుసు. బుద్ధుడు – ఆయన ధమ్మం గ్రంథం ముందుమాటలోనే బాబాసాహెబ్ ఆ కథను ప్రశ్నించారు. 29 ఏండ్లు వచ్చేదాకా ఒక మనిషి వీటిని చూడకుండా ఉంటాడా అని. భక్తి ఉన్నచోట కూడా ప్రశ్న ఆపలేదు. మరి మనం వాట్సాప్ బొమ్మను ప్రశ్నించకుండా పదిమందికి పంపితే ఎట్ల? ఎదుటివాళ్ళది మాత్రమే కాదు, మనవాళ్ళు పంపిన బొమ్మనైనా అడగాలి. బుద్ధుడి పేరు మీద, బాబాసాహెబ్ పేరు మీద వచ్చేదాన్ని ఇంకా గట్టిగా అడగాలి.

ఇదంతా విని, ఇక ఉత్త కన్ను పనికిరాదు, ఫోటోలే చాలు అనుకోకండి. మన రైతులకు తెలిసిన ఆరుద్ర నక్షత్రం ఉంది కదా, ఆరుద్ర కార్తెకు పేరిచ్చిన ఎర్రచుక్క. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా అది చాలా మసకబారింది. ఏ యంత్రమూ లేకుండా, ఆకాశం చూసే అలవాటున్న ఎవరైనా ఆ తేడా గమనించగలిగారు. తరువాత చిలీలోని పెద్ద టెలిస్కోపు ఫోటోలు, అది ఊదేసిన ధూళి అడ్డం వచ్చిందని కారణం చెప్పాయి. కన్ను ప్రశ్న పుట్టించింది, కెమెరా కారణం వెతికింది. స్థిరమని అందరూ అనుకున్న నక్షత్రం కూడా మన కండ్ల ముందే మారింది.

మనం చేయాల్సిన పని

చివరగా కొన్ని పనులు చెప్తాను.

ఒకటి. అమావాస్య నాడు బయటికి పోవద్దని, మంచి పని మొదలుపెట్టొద్దని భయపెడతారు. మనకు అమావాస్య ఉపోసథ దినం. చుక్కలు చూడడానికి అంతకంటే మంచి రాత్రి లేదు. ఆ సాయంత్రం శీలాలు తీసుకుని, వందన అయ్యాక పిల్లలతో ఊరి బయట చీకటి జాగాకు పోండి. ఫోన్లు జేబులో పెట్టి అరగంట కూర్చోండి.

రెండు. డిసెంబర్ 6, బాబాసాహెబ్ మహాపరినిర్వాణ దినం. వెన్నెల లేని యేడైతే ఆ రాత్రి ఎనిమిది గంటలకు ఉత్తరం దిక్కు ఎత్తున ఆండ్రోమెడా మసకను వెతకండి. తూర్పున పిల్లలకోడి చుక్కలు లెక్కపెట్టండి, ఎందరికి ఎన్ని కనిపిస్తాయో చూడండి. పది గంటలకల్లా ఓరియన్ మూడు చుక్కలు, ఎర్రటి ఆరుద్ర పైకొస్తాయి. ముందు ఉత్త కంటితో చూపండి, ఇంటికొచ్చాక ఫోటో చూపండి. రెంటికీ తేడా ఎందుకొచ్చిందో పిల్లలనే చెప్పమనండి.

మూడు. ఆకాశం పేరుతో, దేవుడి పేరుతో వచ్చిన ఏ ఫోటోనైనా పంపే ముందు మూడు మాటలు అడగండి. ఎవరు తీశారు? ఎట్ల తీశారు? కింద రాసింది ఎవరు? జవాబు దొరకకపోతే మీ ఫోన్ దగ్గరే ఆపేయండి. అబద్ధం చెప్పనని తీసుకున్న శీలం వేలితో నొక్కి పంపే మాటకు కూడా వర్తిస్తుంది.

నాలుగు. మీ ఇంట్లో ఎవరికైనా శని భయం, గ్రహణ భయం ఉంటే కసరకుండా దగ్గర కూర్చోబెట్టుకుని, శని ఫోటో చూపి మాట్లాడండి. భయం తీసేయడమూ దానమే.

ధమ్మానికి ఉన్న గుణాల్లో ఒకటి ఏహిపస్సికో, అంటే వచ్చి చూడు అని పిలిచేది. నమ్ము అని కాదు, చూడు అని పిలిచింది మన ధమ్మం. పిలుపు అందుకున్న వాళ్ళం. మన పిల్లలకు చూడడం నేర్పుదాం, అడగడం నేర్పుదాం. వాళ్ళ కింద ఎవరో రాసిన రాతను వాళ్ళే తుడిచి, తమ పేరు తామే రాసుకునే రోజు తెద్దాం.

నమో బుద్ధాయ! జై భీమ్!